బాయిలరు మీద తేదీ

ఆ ఎండాకాలం మొదట్లో మా సంఘంలో ప్రతి మనిషికీ ఒక కాగితం ఇచ్చారు. పాత పాస్టరుగారు పెద్దవయసై మానుకున్నాక ముప్పై దాటని కొత్త పాస్టరుగారు వచ్చారు. సన్నటి మనిషి. మాట మెత్తన, పట్టు గట్టిది. సంఘం పుస్తకం తిరగేసి, ఇందులో సగం మంది చనిపోయినవాళ్ళే ఉన్నారు, కొత్తది రాద్దాం అన్నారు. ఎవరూ కాదనలేదు.

కాగితం నిండా గళ్ళు. పేరు, వయసు, చేసే పని, బాప్తిస్మం తీసుకున్న తేదీ. ఆ కింద ఇంకో గడి: మారుమనస్సు పొందిన తేదీ.

"ఈ రెండూ ఒకటి కాదు, చూసి రాయండి," అన్నారు పాస్టరుగారు. "నీళ్ళలో మునిగిన రోజు అందరికీ తెలుసు. మనసు మారిన రోజు మీకే తెలుసు. మనిషన్నాక పుట్టిన రోజు ఒకటుంటుంది. తిరిగి పుట్టినవాడికీ ఒకటుండాలి. లేదంటే అసలు పుట్టాడో లేదో చూసుకోవాలి."

మా ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆవిడ, మా అక్క. పిల్లల్లేరు. ఊళ్ళో పెద్దాసుపత్రి ఉంది, దాని వెనక లాండ్రీ ఉంది, అందులో నేను బాయిలరు మనిషిని. అక్క అదే లాండ్రీలో ముప్పై ఏళ్ళు దుప్పట్లు మడతపెట్టింది. నాకన్నా ఏడేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. పెళ్ళి ఊసెత్తితే, వీడొకడు చాలడా అనేది. గుండె జబ్బు వచ్చి కాళ్ళు వాచి, రెండేళ్ళ కిందట పని మానేసింది. ముందుగదిలో కిటికీ పక్క మంచం మీద కూర్చుని వీధిన పోయేవాళ్ళకి పేర్లు పెట్టడం అప్పటి నుంచీ దాని పని. ఎదురింటి ఆయన గొడుగు. పాలు పోసే ఆవిడ తుఫాను. పాస్టరుగారికి కూడా ఒక పేరు పెట్టింది గాని, మా ఆవిడ ఒట్టు వేయించి ఆపింది.

ఆ సాయంత్రం కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. మా ఆవిడ చకచకా రాసేసింది. ఆవిడకి తేదీ ఉంది. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక కూటంలో ప్రసంగం విని ఏడ్చి, ఆ రోజే మనసు మార్చుకుంది. ఆ వేళ ఆకాశంలో మబ్బు ఎటు పక్కనుందో కూడా చెబుతుంది. ఆడవాళ్ళ ప్రార్థన నడిపేదీ ఆవిడే.

అక్కకి రాయడం రాదు. మా ఆవిడ అడిగి రాస్తోంది.

"అయిదో గడి, వదినా. మారుమనస్సు తేదీ."

"తెలీదని రాయి."

"తెలీదంటే ఎలా వదినా? ఒకసారి ఆలోచించండి."

"ఆలోచిస్తే వచ్చేదయితే ఏదో ఒకటి నేనే పుట్టిస్తాను. మా అమ్మ నన్ను చంకనేసుకుని ప్రార్థనకి తీసుకెళ్ళింది. బయట తిరిగినవాణ్ణి అడగాలమ్మాయ్, ఎప్పుడొచ్చావని. నాకేం తెలుసు. తెలీదని రాయి."

మా ఆవిడ నిట్టూర్చి రాసింది. నా కాగితం నేను మడిచి జేబులో పెట్టుకున్నాను. నాకు మూడో తరగతి వరకే చదువు. అక్షరాలు కూడబలుక్కోవాలి. అంకెలు మాత్రం బాగా వచ్చు, ఎందుకంటే నా ఉద్యోగమంతా అంకెలే.

బాయిలరు గదిలో ఒక పుస్తకం ఉంటుంది. గంట గంటకీ ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు ఎక్కడుంది, గాజుగొట్టంలో నీళ్ళు ఎంతున్నాయి అన్నది అందులో రాయాలి. రోజుకి ఒక పేజీ, గంటకి ఒక గడి. గడి ఖాళీగా ఉందంటే ఆ గంటలో నువ్వు నిద్రపోయావనో, అక్కడ లేవనో అర్థం. ఒక్క ఖాళీకి ఉద్యోగం పోయినవాణ్ణి చూశాను. అందుకని మేం ఖాళీ వదలం. ఏ గొట్టమో కారి దాని వెనక పడి గంట దాటిపోయిందనుకోండి, తర్వాత వచ్చి పైనున్న అంకె చూసి, ఇప్పుడున్న ముల్లు చూసి, మధ్యలో ఏదో ఒకటి వేసేస్తాం. మా పనిలో అది తప్పని ఎవరికీ తోచేది కాదు. నాకు నేర్పినాయన మొదటి రోజు నేర్పిందే అది.

మర్నాడు మధ్యాహ్నం ఆ పుస్తకం మీదే కాగితం పెట్టి రాశాను. నాలుగు గళ్ళు నిండాయి. అయిదోది ఖాళీ. అక్క సంగతే నా సంగతి. ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని పాటలు నేర్చుకున్నాం, ఒకే రోజు నీళ్ళలో మునిగాం. ఫలానా రోజని చెప్పడానికి నాకూ ఏమీ లేదు. తల ఎత్తాను. ఎదురుగా బాయిలరు. దాని పొట్ట మీద తెల్ల రంగుతో ఒక తేదీ ఉంటుంది, కిందటిసారి తనిఖీవాళ్ళు వచ్చి పరీక్ష చేసిన తేదీ. చెయ్యి దాన్ని చూసి రాసేసింది. నేను ఆపలేదు. గడి నిండిందనే అనుకున్నాను, అంతే. ఆదివారం తీసుకెళ్ళి ఇచ్చేశాను.

పది రోజుల తర్వాత పాస్టరుగారు మా ఇంటికి వచ్చారు. చేతిలో అక్క కాగితం.

"అమ్మా, తెలీదని రాశారు."

"తెలీకే రాయించానయ్యా."

"ఏదో ఒక రోజు ఉండే ఉంటుంది. నేను పాపినని తెలిసి ఏడ్చిన రోజు."

"ఏడ్చిన రోజులకేం కొదవ. ఏది పనికొస్తుందో మీరే చెప్పండి."

ఆయన నవ్వలేదు. కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నారు.

"మిమ్మల్ని నొప్పించాలని కాదమ్మా. చిన్నప్పటి నుంచీ వస్తున్నారు, పాడుతున్నారు, ప్రార్థన చేస్తున్నారు. కాని అలవాటు వేరు, విశ్వాసం వేరు. పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. మీది ఏదో మీరు తేల్చుకోవాలి. అప్పటిదాకా బల్లలో చెయ్యి వేయకుండా ఉండడం మంచిది. మీ మేలు కోరే చెబుతున్నాను."

నెలకోసారి అందరం ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. దాన్నే బల్ల అంటాం. అక్క ఏ నెలా మానింది లేదు. జ్వరంతో వణుకుతూ కూడా వచ్చింది. ఇప్పుడు ఏదో ఒకటి అంటుందని చూశాను. ఒళ్ళో చేతులు చూసుకుంటూ కూర్చుంది.

పాస్టరుగారు నా వైపు తిరిగారు. "అన్నగారూ, మీ కాగితం చూసి చాలా సంతోషపడ్డాను. ఏం జరిగింది ఆ రోజు?"

"బాయిలరు దగ్గర," అన్నాను.

"పనిలో ఉండగానా?"

నేను మాట్లాడలేదు.

"మంట చూస్తూ ఉన్నారా?"

దానికీ మాట్లాడలేదు. నేను ఎప్పుడూ అంతే గనక ఆయనకి అది ఔననిపించింది. నా భుజం తట్టి, ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

ఆయన గేటు దాటాక అక్క అడిగింది. "ఒరేయ్. నీకు తేదీ ఉందా?"

నేను మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళాను.

ఆ తర్వాతి ఆదివారం ప్రసంగంలో నేనున్నాను. "మన మధ్య ఒక సహోదరుడున్నాడు, పెద్దగా మాట్లాడడు," అని మొదలుపెట్టారు పాస్టరుగారు. "ఒక రోజు బాయిలరు తలుపు తీశాడు. లోపల మంట. ఆరని మంట ఒకటుందని అప్పుడు గుర్తొచ్చింది. అక్కడే, ఆ బొగ్గు మసిలో మోకరించాడు." మోకరించడానికి ఆ గదిలో చోటు లేదు. అయినా అందరూ తలలు తిప్పి నన్ను చూశారు. ముందు వరసలో కూర్చునే టైలరు పెద్దాయన, సంఘం పెద్దల్లో ఒకడు, బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎంత గట్టివాడివయ్యా. ఇంత పెట్టుకుని ఒక్క ముక్క పైకి రానిచ్చావు కాదే."

ఎప్పుడూ నాకన్నా పది అడుగులు ముందు నడిచే మా ఆవిడ ఆ రోజు పక్కన నడిచింది.

"ఇన్నేళ్ళ కాపురంలో నాకు చెప్పాలనిపించలేదా మీకు?" అంది. కోపంగా అనాలని చూసింది గాని కోపం రాలేదు. "ఈ మనిషి నా కోసం వస్తున్నాడా, ప్రభువు కోసం వస్తున్నాడా అని ఎన్నిసార్లు బెంగపడ్డానో మీకేం తెలుసు. ఇక నాకు బెంగ లేదు."

అప్పుడైనా చెప్పాల్సింది. ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను.

ఆ పై ఆదివారం బల్ల. అక్క రిక్షాలో వచ్చి నా పక్కనే కూర్చుంది. పళ్ళెం చేతులు మారుతూ వచ్చింది. అక్క దాన్ని అందుకుని, రొట్టెని ఒకసారి చూసి, నాకు ఇచ్చేసింది. తీసుకోలేదు. నేను తీసుకున్నాను.

తర్వాత అక్క మారిపోయింది. పొద్దున్నే పాడే పాట మానేసింది. గొడుగాయన గొడుగు లేకుండా పోయినా ఏమీ అనలేదు. ఎండలు ముదిరాయి. వాపు మోకాళ్ళ దాకా ఎక్కింది. డాక్టరు నన్ను గది బయటికి పిలిచి, వానలు పడేదాకా ఉంటే గొప్పే అన్నాడు. ఆయన మెల్లగానే అన్నాడు గాని అక్క చెవులు పాము చెవులు.

ఒక శనివారం మధ్యాహ్నం, డ్యూటీ దిగి వచ్చి, అక్క కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ఒత్తుతున్నాను. మా ఆవిడ వంటింట్లో ఉంది.

"ఒకటి అడుగుతాను చెబుతావురా?"

"ఊఁ."

"ఆ రోజు ఎలా ఉంది?"

"ఏ రోజు?"

"నీ రోజు. నవ్వనులే, చెప్పు. ఇద్దరం ఒక్కలాగే పెరిగాం కదా. నీకు వచ్చింది నాకెందుకు రాలేదో చూసుకుందామని. ఏమన్నా వినబడిందా? ఏమన్నా కనబడిందా? నువ్వు చెబితే, అలాంటిది నాకూ ఎప్పుడైనా అయి మరిచిపోయానేమో వెతుక్కుంటాను. ఎక్కువ రోజుల్లేవు కదరా, తొందరగా వెతుక్కోవాలి."

కాలు నా చేతుల్లో చల్లగా ఉంది. వేలితో నొక్కితే గుంట పడి, ఎంతకీ పూడడం లేదు. ఏదో ఒకటి చెప్పడం నాకు కష్టం కాదు. పైన ఒక అంకె, కింద ఒక అంకె, మధ్యలో ఇంకోటి. వెలుగు కనబడిందంటే అక్క పాపం వెలుగు కోసం వెతుక్కుంటూ పోతుంది.

"అక్కా, ఆ తేదీ నాది కాదు."

"మరెవరిది?"

"బాయిలరుది."

అర్థం కాక చూసింది. చెప్పాను. పుస్తకం సంగతి, గడి సంగతి, పొట్ట మీద తెల్ల రంగు. నా జన్మలో ఒక్క ఊపున అన్ని మాటలు మాట్లాడి ఉండను. అక్క వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ఊపిరాడక దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మా ఆవిడ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది వదినా?"

"ఏం లేదమ్మాయ్. మీ ఆయన హాస్యమాడాడు."

"ఈయనా?" అని మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, నమ్మకుండానే వెనక్కి వెళ్ళింది.

దగ్గు తగ్గాక అక్క ముఖంలో నవ్వు లేదు.

"అంటే నీకూ లేదన్నమాట."

"లేదు."

"మరి ఆ రోజు రొట్టె తిన్నావు."

"తిన్నాను."

"నిన్ను చూసేరా నేను మానేసింది. ఆ పాస్టరు పిల్లవాడు చెప్పినంత మాత్రాన మానను, మా అమ్మ కూడా చాలా చెప్పేది. వీడికి ఉంది, నాకు లేదు, ఇద్దరం ఒకటే పెంపకం, అంటే నాది ఉత్త అలవాటేనన్నమాట అనుకున్నాను. అరవై మూడేళ్ళూ ఉత్తదే అనుకున్నాను."

బొగ్గు, ఆవిరి, ఎర్రగా కాలిన ఇనుము, అన్నీ నా ఒంటి మీద మచ్చలు పెట్టాయి. ఏదీ ఈ మాటలా కాల్చలేదు. ఏదో ఒక ఓదార్పు చెబుదామని, "నీళ్ళు ఏ క్షణాన ఆవిరయ్యాయో ఎవరికి తెలుసక్కా, ముల్లు లేస్తే ఆవిరుందనే కదా," అన్నాను.

"బాయిలరు మాటలు నాకు చెప్పకు. దానికి చావంటే భయం లేదు."

కొంచెంసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత మెల్లగా అంది.

"నాకు చెబితే చాలదు. అక్కడ చెప్పు. అందరిలో."

"నా వల్ల కాదక్కా."

"కాదని నాకు తెలీదా? ఆకలేస్తే ఆకలని చెప్పినవాడివి కాదు నువ్వు. నీ అలవాటు నోరు మూసుకోవడం. అందుకే చెప్పమంటున్నాను. నువ్వు అందరిలో లేచి, నేను అబద్ధం రాశానని నోరు తెరిచి అన్నావంటే, అది నీ అలవాటు కాదు. నీలో ఇంకెవరో ఉండి లేపినట్టే. అది నేను కళ్ళతో చూడాలి."

ఆ సాయంత్రమే మా ఆవిడకి చెప్పాను. కూరగాయలు తరుగుతున్న చెయ్యి ఆగిపోయింది. కత్తి పక్కన పెట్టింది.

"నాకెందుకు చెప్పారు?" అంది చివరికి. "నిజంగా, నాకెందుకు చెప్పారు? ఈ మూడు వారాలూ ఎంత బాగున్నాను."

"సంఘంలో చెప్పమంటోంది అక్క."

"చాటుగా పాస్టరుగారికి చెప్పండి. ఆయన కాగితం మార్చేస్తారు. అందరిలో చెబితే రేపు ఆడవాళ్ళ ముందు నేను ఏ ముఖం పెట్టుకుని ప్రార్థన చెయ్యను?"

అదీ న్యాయమే. చాటుగా రాసింది చాటుగా దిద్దుకుంటే పోయేది. కాని అదిప్పుడు చాటుగా లేదు. ప్రసంగం ఎక్కింది, అరవై మంది చెవుల్లో పడింది. నా మంట కథ తలుచుకుని వాళ్ళలో ఇంకెంతమంది తమకి లేదని దిగులుపడుతున్నారో. చెయ్యాల్సింది ఏదో నాకు తెలుసు. అది అక్క చెయ్యమన్నదని మాత్రమే కాదు. అబద్ధమాడకు అన్నది ప్రభువు మాటని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇన్నేళ్ళలో ఆ మాట నా పేరు పెట్టి పిలిచినట్టు ఎప్పుడూ అనిపించలేదు. ఇప్పుడు పని చేస్తున్నా, తింటున్నా అదే వినబడేది.

అయినా లేవలేకపోయాను. ఒక ఆదివారం పోయింది. బెంచీ అంచు పట్టుకున్నాను, వదల్లేదు. ఇంకో ఆదివారం పోయింది. అక్కకి ఇప్పుడు నడక లేదు గనక ఇంట్లోనే ఉంటోంది. నేను తిరిగి రాగానే, "చెప్పావా?" అని ఒక్కటే అడిగేది. తల అడ్డంగా ఊపితే కిటికీ వైపు తిరిగిపోయేది. ఆ తిరిగిపోవడం చూడలేక, రెండో ఆదివారం ఇంటికి చుట్టుదారిన వచ్చాను.

మళ్ళీ బల్ల ఆదివారం వచ్చింది. పొద్దున్నే అక్క, "నేనూ వస్తాను," అంది.

"ఎలా వస్తావు? రిక్షా ఎక్కలేవు."

"లాండ్రీ బండి తీసుకురా."

దుప్పట్లు వేసి తోసే బండి అది, నాలుగు చక్రాలు, చుట్టూ గుడ్డ గోడ. మా ఆవిడ నోరు నొక్కుకుంది. "వదినా, అందరూ చూస్తారు."

"ముప్పై ఏళ్ళు తోశాను దాన్ని. ఒక్కసారి ఎక్కితే అరిగిపోదు."

లాండ్రీ సూపర్‌వైజరుని అడిగి తెచ్చాను. అడుగున పరుపు వేసి, అక్కని ఎత్తి కూర్చోబెట్టాను. ఏమీ బరువు లేదు, బరువంతా కాళ్ళలోనే ఉంది. వీధి పొడవునా ఒక చక్రం కీచుమంటూనే ఉంది. మా ఆవిడ మళ్ళీ పది అడుగులు ముందు నడిచింది.

పాట అయ్యాక, రొట్టె మీది గుడ్డ తీయకముందు పాస్టరుగారు ఎప్పటిలాగే అడిగారు. "ఎవరైనా ఏమైనా చెప్పాలనుకుంటే చెప్పండి."

అక్క నా వైపు చూడలేదు. బండిలో కూర్చుని ఎదురు గోడని చూస్తోంది. ఫ్యాను తిరుగుతోంది. నేను ఎలా లేచానో నాకు తెలీదు. లేచి ఉన్నాను.

"నేను రాసిన తేదీ అబద్ధం," అన్నాను. "అది బాయిలరు పరీక్ష చేసిన తేదీ. నాకు తేదీ లేదు. ప్రభువు మాట వినాలని మాత్రం ఉంది. నన్ను క్షమించండి."

వెనక వరసలో ఎవరో నవ్వి, నవ్వు మధ్యలో ఆపేశారు. మా ఆవిడ తల వంచుకుంది. పాస్టరుగారి ముఖంలో రక్తం లేదు. ఏదో అనబోయి, "కూర్చోండి," అన్నారు. కూర్చున్నాను.

పళ్ళెం వచ్చింది. మనసు మారిందన్న నిశ్చయం లేనివాళ్ళు తీసుకోకూడదన్నది ఆయన పెట్టిన కట్టుబాటు. పాస్టరు మాట మీరడం నాకు తెలీదు. పళ్ళెం అక్కకి అందించాను. అక్క కూడా తీసుకోకుండా పక్కకి ఇచ్చింది. ఇచ్చి, బండి గుడ్డ మీదుగా చెయ్యి చాపి, నా మోకాలి మీద రెండుసార్లు తట్టింది. చిన్నప్పుడు నేను సూది మందు ఏడవకుండా వేయించుకుంటే అలా తట్టేది.

మూడు రోజులు మా ఆవిడ నాతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, తీసేది. మాటకారి మౌనంగా ఉంటే ఇల్లెంత పెద్దదిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. అక్క మాత్రం ఆదివారం సాయంత్రమే ఎదురింటాయనని చూసి, "గొడుగు చిరిగింది, మనిషి గట్టిగానే ఉన్నాడు," అంది.

బుధవారం మధ్యాహ్నం పాస్టరుగారు వచ్చారు. భుజాన ఒక గుడ్డ సంచి. అదే కుర్చీలో కూర్చున్నారు.

"అన్నగారూ, మీరు నాతో రెండే మాటలన్నారు. బాయిలరు దగ్గర అని. మంటా, మోకరించడం, అవన్నీ నేను కల్పించినవి. మీ అబద్ధం ఒక గడిలో పట్టింది. నాది గంటసేపు సాగింది."

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

"అమ్మా," అన్నారు అక్కతో. "అలవాటు, విశ్వాసం అని మీతో ఒక మాటన్నాను."

"ఆ మాట నిజమేనయ్యా. ఉత్త మాటయితే అంతలా గుచ్చుకునేది కాదు."

"ఇప్పుడు నిశ్చయం ఉందా మీకు?"

"మీరు అడిగితే పోతుంది. అడగకపోతే ఉంటుంది."

ఆయన నవ్వారు. మా ఇంట్లో ఆయన నవ్వడం అదే మొదలు. అక్క నవ్వలేదు. ఊపిరి కూడదీసుకుని, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది.

"వీణ్ణి పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. అందరిలో లేచి మాట్లాడే రకం కాదు. చంపినా మాట్లాడడు. ఆదివారం మాట్లాడాడు. అంటే ఎవరో లేపారు. నా చేతుల్లో పెరిగినవాడిలో ప్రభువు పని చేస్తుంటే, మా అమ్మ చేతుల్లో పెరిగిన నాలో ఊరికే కూర్చున్నాడా అనిపించింది. అంతకంటే నాకు తెలీదు. తేదీ మాత్రం అడక్కండి."

పాస్టరుగారు సంచిలో చెయ్యి పెట్టి, తెల్లగుడ్డలో చుట్టిన రొట్టె, చిన్న సీసాలో రసం బయటికి తీశారు.

"ఇవ్వాలో వద్దో తెలీకుండానే తెచ్చాను," అన్నారు.

మా ఆవిడ గుమ్మం వదిలి వచ్చింది. మంచం మీద అక్క పక్కన నేను కూర్చుని ఉన్నాను. "జరగండి," అంది నాతో. మూడు రోజులకి మొదటి మాట. జరిగాను. నా పక్కన కూర్చుంది. నలుగురం తీసుకున్నాం. అక్క చేతులు వణికితే కప్పు మా ఆవిడే పట్టుకుంది.

వానలు ఆ ఏడు తొందరగా వచ్చాయి. మొదటి వాన పడిన రోజు పొద్దున్నే అక్క నన్ను పనికి వెళ్ళొద్దంది. ఎప్పుడూ అలా అనలేదు గనక వెళ్ళలేదు. దిండ్లు ఎత్తుగా పెట్టి ఆనించాం. కిటికీలోంచి జల్లు కొడుతుంటే మూయబోయాను, వద్దంది.

"ఏదైనా మాట్లాడరా."

తోచిందే అడిగాను.

"భయంగా ఉందా అక్కా?"

"ఉంది."

మా ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను.

"మరి?"

"మరేముంది. పిలిస్తే వెళ్ళకుండా ఎప్పుడున్నాను?" అంది. విసుక్కున్నట్టే అంది, తెలిసిన సంగతి మళ్ళీ మళ్ళీ అడిగితే విసుక్కున్నట్టు.

ఆ తర్వాత మాట్లాడలేదు. మధ్యాహ్నం వాన వెలిసేసరికి వెళ్ళిపోయింది.

సాయంత్రం సంఘమంతా వచ్చింది. ముందుగది నిండి, వరండా నిండి, వీధిలో నిలబడ్డారు. టైలరు పెద్దాయన పాట ఎత్తుకున్నాడు. పాట అయ్యాక పాస్టరుగారు ప్రార్థన చేస్తారని అందరూ తలలు వంచారు. ఆయన చెయ్యలేదు. నా దగ్గరికి వచ్చి వంగి, "అన్నగారూ, మీరు చెయ్యండి," అన్నారు.

నేను పైకి ప్రార్థన చేసింది ఎప్పుడూ లేదు. అది ఆయనకీ తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. మా ఆవిడ నా వైపు చూసింది. చెయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

లేచి నిలబడ్డాను.